వచ్చిన పని

"ఎవరికి బాగలేదు?" అన్నడు మా ఆయన
వరంగల్ పోతున్న అనంగనే.
ఆయన తప్పేం లేదు.
మా కాగజ్‌నగర్‌ల వరంగల్ అంటే ఎంజీఎం దవాఖాననే.
వరండాల పరిచిన చద్దరు,
చీటీ పట్టుకుని కిటికీ కాడ లైను,
మా మామ ఆఖరి పదకొండు రోజులు.
ఇంకోసారి ట్రైనింగ్ అని పోయి
మూడు దినాలు ఒక్క హాల్ల కూసొని వచ్చిన.

ఎవ్వరికి ఏం కాలే,
నేను, నసీమా, శనివారం పోయి ఆదివారం వస్తం.
"ఎందుకు?"
ఊరికెనే.
ఆ మాటకు ఆయన చేతిల చాయ
కొద్దిసేపు నోటి దాంక పోలే.

మంచిర్యాల దాటినంక గోదారిల రూపాయి ఏసిన.
ఏం మొక్కాల్నో యాదికి రాలే.
నసీమా సర్వపిండి తుంచి పెట్టింది.
జమ్మికుంట దాంక అంగన్‌వాడి గుడ్ల లెక్కనే మాట్లాడినం,
తర్వాత సిగ్గుపడి ఊకున్నం.

హనుమకొండ చౌరస్తా కాడ లాడ్జి.
పిల్లగాడు బుక్కు జరిపిండు:
పేరు, ఊరు, ఆధార్, వచ్చిన పని.
పై గీతలల్ల
దవాఖాన. దవాఖాన. కోర్టు. పెండ్లి.
మిర్చి అమ్మకం. దవాఖాన.
పెన్ను నసీమా నాకిచ్చింది, నేను నసీమాకిచ్చిన.
ఆఖరికి నేనే రాసిన: చూసుటానికి.
"ఎవర్ని, మేడం?"
ఊరిని.

ఖిల్లాల నాలుగు తోరణాలు నిలబడ్డయ్.
నడుమ గుడి లేదు.
"ఇల్లు పోయి దర్వాజలు మిగిలినయ్ చూడు" అన్నది నసీమా,
హంసల దిక్కు మెడ ఎత్తి,
బుర్ఖా కొంగుతోని చెమట తుడుసుకుంట.
గడ్డిల రాళ్లు. సగం ఏనుగు.
మోకాలి కాడికే ఉన్న ఆడిమనిషి కాలు,
గజ్జెలు మాత్రం ఒక్కటి ఊడలే.
దానిమీద తెల్ల పెయింటుతోని నంబరు.
మేం పిల్లల్ని తూచి రాస్తం గద,
అట్ల ఎవరో ఈళ్లను రాసుకున్నరు
ఒక్కటి తప్పిపోకుండ.

ఆదివారం కొత్తవాడ.
గుంతమగ్గంల నడుము దాంక దిగి బూర నాంపల్లి,
నీలిరంగు పోగుల ముందట.
"ఇది బురుజుల ఊరికి పోతది" అన్నడు.
అట్ట మీద చూస్తే బ్రూజెస్, బెల్జియం.
కొనెటాయన ఫోన్ల చూపించిండట:
కాలువలు, కాలువలల్ల పడవలు,
గంటలు మోగే పొడుగు బురుజు.
"నేను పిలిచిందే కరెక్టు" అని నవ్విండు.
"ఆ ఊరు కూడ మగ్గం మీదనే పెరిగిందట అమ్మా.
ఇప్పుడు మగ్గాలు లెవ్వు.
శని ఆదివారాలు ఎక్కడెక్కడోళ్లో చూడ వస్తరట,
ఎవరికి ఏం కాకున్నా."
నసీమా నన్ను చూసింది.
ఆయన కాలు తొక్కులాట మీద ఆగింది.
"మనదీ అట్లనే అయితదా?"
మేం చూసుటానికి వచ్చినోళ్లం.
ఏం చెప్పాలె?
రెండు గజాల జంపకాన బేరం లేకుండ కొన్నం,
పిల్లలు కూసుంటరని.

కాజీపేటకు ఆటోల వస్తుంటే ఎంజీఎం గేటు.
"జర మెల్లగ పోనీ" అన్న.
గోడ పక్కన ఎవరో ఆడామె
చద్దరు దులిపి పరుస్తున్నది,
నాలుగు మూలలు సాపు చేసి, మళ్ల సాపు చేసి.
ఇది కూడ చూసిన.
ఆటో ఆయన దిగుతరా అని అడిగిండు.

రాత్రి టేషన్ల మా ఆయన సంచి అందుకున్నడు.
"బరువున్నది. ఏం పని అయ్యింది?"
చెప్పుదామని మొదలుపెట్టి
గజ్జెల కాడ ఆగిన.
బండి వెనక కూసున్నంక చూస్తే
కుచ్చిళ్లకు అంటుకుని ఒక నీలి పోగు,
బురుజుల ఊరికి పోవాల్సింది.
పీకి పారెయ్యలే.
వేలికి చుట్టుకుంట, విప్పుకుంట
ఇల్లు చేరిన.